రూఫ్ మాడ్యూల్‌కి తాళం ఎందుకు?

సంపాదకుడు గారికి నమస్కారం.

రిపేర్ హక్కు, అంటే కొన్న వస్తువుని మనమే బాగుచేసుకునే హక్కు, అనగానే అందరూ ఫోన్లు, లాప్‌టాప్‌ల గురించే మాట్లాడుతున్నారు, కార్ల గురించి కూడా నాలుగు ముక్కలు వేయండి అని అడగడానికే ఈ ఉత్తరం. నేనుండేది అమెరికాలో, మూడేళ్ళుగా ఇంటి గ్యారేజ్‌లో 1957 ఫోర్డ్ ఫెయిర్‌లేన్ 500 స్కైలైనర్ ఒకటి బాగుచేసుకుంటున్నా. తెలియనివాళ్ళ కోసం చెప్తా, గుడ్డ టాప్ కాదు, ఇనప రూఫ్ రూఫంతా పైకి లేచి వెనక డిక్కీలోకి వెళ్ళి పడుకునే కారు అది. ఫ్రాన్స్‌లో ప్యూజో వాళ్ళు 1930ల్లోనే ఇలాంటిది అమ్మారు గానీ అవి కొద్ది బండ్లే, ఫోర్డ్ మాత్రం 1957 నుంచి 1959 దాకా 48 వేల పైచిలుకు చేసి రోడ్డెక్కించింది.

ఆ రూఫ్‌ని కదిపేది హైడ్రాలిక్ ఆయిల్ కాదు, అంతా కరెంటే. ఏడు మోటార్లు, పది లిమిట్ స్విచ్‌లు (కదిలే భాగం చివరిదాకా వెళ్ళగానే నొక్కుకునేవి), బోలెడు రిలేలు (కరెంటుతోనే పనిచేసే స్విచ్‌లు), 600 అడుగులు దాటిన వైరు, కంప్యూటర్ అన్న మాటే లేదు. ముందు డిక్కీ తలుపు తెరుచుకుంటుంది, అదీ మామూలు కార్లకి ఉల్టాగా వెనక్కి, అది పూర్తిగా తెరుచుకున్నాక అక్కడున్న స్విచ్ నొక్కుకుంటుంది, అది నొక్కుకుంటేనే తర్వాతి మోటార్‌కి కరెంట్ వెళ్తుంది, అప్పుడు రూఫ్ తాళాలు ఊడతాయి, రూఫ్ లేస్తుంది, దాని ముందు అంచు మడతపడుతుంది, అలా ఒకదాని వెనక ఒకటి. మధ్యలో ఒక్క స్విచ్ పలక్కపోయినా మొత్తం అక్కడే ఆగిపోతుంది.

మాది సరిగ్గా అలాగే ఆగింది. రూఫ్ సగం గాల్లో, డిక్కీ నోరు తెరుచుకుని, ముందుకీ పోదు వెనక్కీ రాదు. ఫోర్డ్ అప్పట్లో మెకానిక్‌ల కోసం అచ్చేసిన షాప్ మాన్యువల్ నా దగ్గరుంది, అందులో వైరింగ్ బొమ్మ పేజీలు నేల మీద పరుచుకుని, టెస్ట్ లైట్ పట్టుకుని ఒక్కో వైరు వెంట వెళ్ళాను. అరవై ఏళ్ళ మురికి పట్టి ఏది ఎరుపో ఏది నారింజో తెలీదు, గుడ్డతో తుడిచి తుడిచి చూడాలి. రెండు ఆదివారాలు పట్టింది. చివరికి చూస్తే డిక్కీ పక్కనున్న ఒక లిమిట్ స్విచ్‌లో పాత గ్రీజు మైనంలా గడ్డకట్టి, లోపలికి పోయిన పిన్ను బయటికి రావడం లేదు. విప్పి, క్లీనర్ కొట్టి, కాంటాక్ట్‌లు సన్న గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ బిగించాను. బటన్ నొక్కగానే వెనక ఎక్కడో రిలే టక్‌మంది, రూఫ్ కదిలింది. నేను ఇంజనీర్‌ని కాదండీ, ఆ బొమ్మ చూసి చేశానంతే.

ఇప్పుడు అసలు సంగతి. మా ఫ్రెండ్ దగ్గర ఇలాగే రూఫ్ మడిచే కారే ఉంది, ఇరవై ఏళ్ళది, అంటే నా దానికంటే దాదాపు యాభై ఏళ్ళు చిన్నది. దాని రూఫ్ కంట్రోల్ మాడ్యూల్, అంటే రూఫ్‌ని నడిపించే చిన్న కంప్యూటర్ పెట్టె, పోయింది. పాత బండ్ల యార్డ్‌లో అదే పార్ట్ నంబర్ మాడ్యూల్ దొరికింది, తెచ్చి పెడితే పనిచేయదు, ఎందుకంటే దాన్ని ఈ కారు ఛాసిస్ నంబర్‌కి జత చేస్తూ ప్రోగ్రామ్ చేయాలంట. డీలర్ దగ్గరికెళ్తే ఆ మోడల్‌కి సపోర్ట్ ఆపేశాం, ఆ సాఫ్ట్‌వేర్ మా దగ్గరే లేదు అన్నారు. ఇంజిన్ బంగారంలా ఉంది, బాడీకి తుప్పు లేదు, అయినా ఆ బండి టార్పాలిన్ కప్పుకుని కూర్చుంది. నాకు నిజంగా కడుపు మండింది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1996 నుంచి ఇక్కడ అమ్మే కార్లన్నిటికీ ఓబీడీ టూ పోర్ట్ (కారు లోపాల కోడ్‌లు చదివే పరికరం తగిలించే సాకెట్) ఉండాలి, కానీ ఏ కంపెనీ కారైనా ఒకే రకంగా చదవగలిగే కోడ్‌లు పొగకి సంబంధించినవే, రూఫ్, డోర్లు, సీట్ల మాడ్యూళ్ళ సంగతి కంపెనీ ఇష్టం. మాసచూసెట్స్‌లో 2012లో జనం ఓటేసి రిపేర్ చట్టం తెచ్చుకున్నారు, 2020లో ఇంకోసారి ఓటేసి దాన్ని పెంచుకున్నారు, 2023లో అమెరికా కాంగ్రెస్ ప్రతినిధుల సభలో రిపేర్ యాక్ట్ అని బిల్లూ పెట్టారు. మంచిదే. కానీ వీటి అసలు ఉద్దేశం డీలర్‌కి ఇచ్చేది బయటి మెకానిక్‌కీ ఇవ్వాలని. మరి డీలరే చేతులెత్తేసిన బండి సంగతేంటి? అందుకే నేనడిగేది ఒక్కటే, ఒక మోడల్‌కి కంపెనీ సపోర్ట్ ఆపేసిన రోజున దాని వైరింగ్ బొమ్మలు, మాడ్యూల్ ప్రోగ్రామ్ చేసే సాఫ్ట్‌వేర్ అందరికీ ఉచితంగా వదిలేయాలని చట్టంలో రాయాలి.

దొంగతనాలు పెరుగుతాయంటారు కొందరు. తాళంచెవికి, ఇంజిన్ స్టార్ట్ అవ్వడానికి సంబంధించిన కోడ్‌లు దాచుకోండి, ఎవరొద్దన్నారు, రూఫ్ మాడ్యూల్ కోడ్‌తో కారు ఎత్తుకుపోయేవాడు ఎవడుంటాడు? ఇంకొందరు ప్రమాదం అంటారు. ఆ మాట నిజమే, అంత బరువు రూఫ్ కదిలేటప్పుడు మధ్యలో వేళ్ళు పడితే నుజ్జే. కానీ సమాచారం దాస్తే జనం రిపేర్ మానరు, స్విచ్‌లు బైపాస్ చేసి మోటార్‌కి నేరుగా బ్యాటరీ కరెంట్ ఇచ్చేస్తారు. అలా చేసి, డిక్కీ పూర్తిగా తెరుచుకోకముందే రూఫ్ దిగొచ్చి అంచు వంగిపోయిన బండిని నేను కళ్ళారా చూశా, అక్కడ చెయ్యి పెట్టి ఉంటే ఏమయ్యేదో!

ఇక్కడుండే తెలుగువాళ్ళు మీ పేపర్ చాలామంది చదువుతారు, వాళ్ళకి నా మనవి ఇది. రిపేర్ యాక్ట్ గురించి మీ కాంగ్రెస్ సభ్యుడికి ఉత్తరం రాసేటప్పుడు ఈ సపోర్ట్ ఆపేసిన మోడళ్ళ సంగతి కూడా ఒక వాక్యం చేర్చండి. నేను గత వారమే పంపాను, మా ఫ్రెండ్ కారు మాడ్యూల్ ఫోటో కూడా జతచేసి.

ఇట్లు,
ఒక పాఠకుడు