నజ్‌లాక్ నియమాలు ముందే రాసుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

పిల్లల పేజీలో చదరంగానికీ సుడోకుకూ మీరిస్తున్న చోటు చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. పోకెమాన్ అనే ఊహా జీవులను పట్టి, పెంచి, పోరుకు దించే వీడియో గేములను సొంత నియమాలతో కష్టం చేసుకుని ఆడే నజ్‌లాక్‌కు కూడా అక్కడ కొంచెం చోటివ్వండి. అయితే రెండు వాక్యాల్లో తేల్చేయకండి. ‘ప్రతి ప్రాంతంలో మొదట ఎదురైనదాన్నే పట్టాలి, మూర్ఛపోయింది చచ్చినట్టే’ అన్నంతవరకే తెలుసుకుని మొదలుపెడితే మొదటి గంటలోనే సందేహాలు మొదలవుతాయి. ఆట మధ్యలో తేల్చుకునే సందేహం ఎప్పుడూ మనకు అనుకూలంగానే తేలుతుంది. దాన్నే మన పిల్లలు తొండి అంటారు.

2010లో నిక్ ఫ్రాంకో పోకెమాన్ రూబీ అనే గేమును ఇలా ఆడి, ఆ ఆటను బొమ్మల కథగా గీశాడు. నజ్‌లీఫ్ అనే పోకెమాన్ పేరుకు ఒక టీవీ పాత్ర ఇంటిపేరు లాక్ కలిసి నజ్‌లాక్ అయింది.

కొత్తవాళ్లకు 2004 నాటి పోకెమాన్ గేము ఫైర్‌రెడ్ మంచి మొదలు. అందులో ప్రొఫెసర్ ఓక్‌కు పార్సిల్ అందించాకే పోకెమాన్‌లను పట్టే ఐదు పోకే బాల్స్ చేతికొస్తాయి. అంతకుముందు గడ్డిలో ఎదురైనవి లెక్కలోకి రావు. బాల్స్ వచ్చాక మాత్రం ప్రతి ప్రాంతానికీ ఒకటే అవకాశం. పొరపాటున కొట్టి పడగొట్టినా, అది పారిపోయినా ఆ ప్రాంతం ఖాళీయే. ఇప్పటికే మన దగ్గరున్న జాతి మళ్లీ ఎదురైతే వదిలేసి తర్వాతి దాన్ని చూడొచ్చని చాలామంది ఒప్పుకుంటారు. ఇది పెట్టుకుంటే దాని పరిణామ రూపాలన్నిటినీ ఒకే జాతిగా లెక్కించాలని కూడా రాసుకోవాలి. రటాటా ఉన్నవాడికి, అది పెరిగి మారే రాటికేట్ కొత్తది కాదు.

అసలు ప్రాణమంతా లెవెల్ క్యాప్‌లో ఉంది. రాబోయే జిమ్ లీడర్ (దారిలో ఓడించాల్సిన పెద్ద ప్రత్యర్థి) దగ్గరున్న అతి పెద్ద పోకెమాన్ లెవెల్‌ను మనది దాటకూడదు. ఇది లేకపోతే గడ్డిలో గంటలకొద్దీ తిరిగి లెవెల్ 25 చేసుకుని మొదటి జిమ్ లీడర్ బ్రాక్‌ను ఒక్క దెబ్బకు కొట్టొచ్చు. అందులో గెలిచేది ఓపికే, ఆలోచన కాదు. బ్రాక్ దగ్గరున్న రాతి రకం పోకెమాన్ ఓనిక్స్ లెవెల్ 14. నిప్పు రకం పోకెమాన్ చార్‌మాండర్‌తో మొదలుపెట్టినవాళ్లు 12 దగ్గర ఆగితే నిప్పు దెబ్బలు ఆ రాయికి ఆనవు. అదే 13కి వస్తే మెటల్ క్లా అనే దెబ్బ నేర్చుకుంటుంది, అది రాతి రకానికి రెండింతలు తగులుతుంది. క్యాప్‌కు ఒక్క మెట్టు కింద ఆ ఆయుధం ఉంది. అది తెలుసుకుని ఆగినవాడికే నజ్‌లాక్ రుచి తెలుస్తుంది.

ఆప్షన్స్‌లో బ్యాటిల్ స్టైల్‌ను షిఫ్ట్ నుంచి సెట్‌కు మార్చాలి. షిఫ్ట్‌లో ఎదుటివాడు తర్వాత ఏది దించుతాడో గేమే చెప్పి, మార్చుకుంటావా అని అడుగుతుంది. సెట్‌లో ఆ ఉచిత అవకాశం ఉండదు. మార్చుకోవాలంటే దెబ్బ కొట్టే మన వంతు ఒకటి పోతుంది, కొత్తగా దిగినదే దెబ్బ తింటుంది. పోరులో ప్రాణం నింపే పోషన్లు అసలే వాడకూడదన్నది కఠిన పద్ధతి. మొదటిసారి ఆడేవాళ్లు ఎదుటివాడు ఎన్ని వాడితే అన్ని వాడుకోవచ్చని పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

ఎక్కువ ప్రాణాలు తీసేది క్రిటికల్ దెబ్బ. ఫైర్‌రెడ్‌లో మామూలు దెబ్బ క్రిటికల్ అయ్యే అవకాశం 16లో 1, తగిలితే రెండింతలు. ఎదుటి దెబ్బకు 14 హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు) పోతోందనుకోండి. మనదానికి 25 మిగిలింది, ఇంకో దెబ్బ ఆగుతుందిలే అని ఉంచితే 28 పోయి చస్తుంది. గ్రౌల్ అనే ఎత్తు వేసి ఎదుటిదాని బలం తగ్గించామన్న ధీమా కూడా పనికిరాదు, క్రిటికల్ ఆ తగ్గింపును పట్టించుకోదు. అందుకే ఎప్పుడూ రెండింతల లెక్కతోనే వెనక్కి పిలవాలి. రెండోది విషం. ఈ గేములో పోరు ముగిసినా నాలుగడుగులకో హెచ్‌పీ పోతూనే ఉంటుంది, నడుస్తూ నడుస్తూ చచ్చిపోతుంది. గేములోని విరిడియన్ అడవిలో విషం ఎక్కించే వీడిల్‌లు ఉంటాయి కాబట్టి లోపలికి వెళ్లేముందు విషానికి విరుగుడైన యాంటిడోట్లు రెండు మూడు కొనాలి.

చనిపోయినవాటిని విడిచిపెట్టేయనక్కర్లేదు. వాటి దగ్గరున్న వస్తువు తీసుకుని, జట్టులో లేనివాటిని దాచే బాక్స్‌లలో వేరే ఒకదానిలో పెట్టి మళ్లీ తాకకుంటే చాలు. పట్టిన ప్రతిదానికీ పేరు పెట్టడం మాత్రం తప్పనిసరి చేయండి. పేరున్నదాన్ని పిల్లలు నిర్లక్ష్యంగా పోరులోకి పంపరు. పోకెమాన్ పోయినప్పుడు ఆటను వెనక్కి తిప్పడానికి రీసెట్ నొక్కకూడదన్నది కూడా కాగితం మీద ఉండాలి.

కొత్త గేములకు ఈ నియమాలు యథాతథంగా సరిపోవు. 2022లో వచ్చిన స్కార్లెట్, వయొలెట్‌లలో పోకెమాన్‌లు ముందే కంటికి కనిపిస్తాయి, కాబట్టి ‘మొదట ఎదురైనది’ అన్నమాటకు అర్థం పోతుంది. కనిపించినవాటికి అంకెలిచ్చి పాచిక వేయడం ఒక దారి. వాటిలో సెట్ మోడ్ కూడా లేదు, మార్చుకుంటావా అన్న ప్రతిసారీ వద్దనాలి. అనుభవం పాయింట్లు జట్టంతటికీ పడతాయి, ఆపే వీలు లేదు. క్యాప్‌కు దగ్గరైనదాన్ని ముందే బాక్స్‌లో పెట్టాలి.

మీరు ప్రచురిస్తే ఫైర్‌రెడ్ ఎనిమిది జిమ్‌ల క్యాప్‌లు కూడా వేయండి: 14, 21, 24, 29, 43, 43, 47, 50. నాలుగో జిమ్ నుంచి ఐదోదానికి 14 లెవెల్‌లు ఒక్కసారిగా పెరుగుతాయి. కొత్త పోకెమాన్‌లను పెంచుకోవడానికి అక్కడే తీరిక దొరుకుతుంది.

– ఒక పాఠకుడు, ఏలూరు