కుట్టు, ఒళ్లు, ఇల్లు: మన క్రాస్ స్టిచ్ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక ఒక పట్టికతో మొదలయ్యేది. ఎవరు ఎన్ని బొమ్మలు కుట్టి పూర్తి చేశారు, వాటిలో ఎన్ని ఫ్రేముకెక్కాయి అని. ఈసారి ఆ పట్టిక లేదు. దాన్ని తీసేయాలని కార్యవర్గం ఏడాది మొదట్లోనే నిర్ణయించింది. కారణం ఏమిటంటే, తమ పేరు ఎదురుగా సున్నా పడుతుందని కొందరు సభ్యులు నెలవారీ సమావేశాలకే రావడం మానేశారు. వాళ్లెవరో చూస్తే, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకుంటున్నవారు, ఆపరేషన్ అయి కోలుకుంటున్నవారు, ఇల్లు బాగుచేయిస్తూ తలమునకలైనవారు. నలుగురితో కలిసి కూర్చోవడం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే దూరమయ్యారన్నమాట. సరదా కోసం పెట్టుకున్న సంఘం ఇంకో టెన్షన్ అయి కూర్చుంటే ఎలా?

పట్టిక ఎత్తేయడం నచ్చనివారూ ఉన్నారు. లెక్క రాసేవాళ్లు ఉంటేనే చెయ్యి కదులుతుందని వాళ్లు గట్టిగానే వాదించారు. అందులో నిజం లేకపోలేదు. వారి కోసం సమావేశం గదిలో గోడకు ఒక కాగితం అంటించాం. రాసుకోవాలనుకున్నవారు రాసుకుంటున్నారు, మిగతావారిని ఎవరూ అడగడం లేదు. ఇక ఈ ఏడాది చేసిన పనులన్నీ ఉద్యోగం, ఆరోగ్యం, ఇంటిపనుల మధ్య కుట్టు ఎక్కడ ఇముడుతుందన్నది దృష్టిలో పెట్టుకుని చేసినవే.

మొదలుపెట్టే ముందు లెక్క

మొదటి శిక్షణలో సూది ముట్టుకోలేదు. కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాం. 200 గళ్ల వెడల్పు, 150 గళ్ల ఎత్తు ఉన్న ఒక నిండు డిజైన్, అంటే ప్రతి గడిలోనూ ఒక ఇంటూ గుర్తు కుట్టు పడేది, తీసుకుందాం. మొత్తం 30,000 కుట్లు. అంగుళానికి 14 గళ్లుండే 14 కౌంట్ ఐడా క్లాత్ అనే గళ్ల గుడ్డ మీద అది సుమారు 14 అంగుళాల వెడల్పు, పదకొండు అంగుళాలకు కాస్త తక్కువ ఎత్తు వస్తుంది. చూడడానికి మరీ పెద్దదేమీ కాదు. గంటకు వంద కుట్లు పడతాయనుకుంటే 300 గంటల పని. రోజుకు అరగంట కూర్చునేవారికి 600 రోజులు. అదీ ఒక్కరోజు కూడా మానకుండా! జ్వరం, చుట్టాలు, ఆఫీసులో ఆడిట్, పిల్లల పరీక్షలు, ఇవేవీ ఈ లెక్కలో లేవు.

ఇదే పద్ధతిలో 60 గళ్ల చదరపు బొమ్మకు 3,600 కుట్లు, అంటే 36 గంటలు. రోజుకు అరగంట చొప్పున రెండున్నర నెలల్లోపు తేలిపోతుంది. గంటకు వంద అన్నది అందరికీ వర్తించే వేగం కాదు. ఒకే రంగు పెద్ద మచ్చలా ఉన్నచోట చెయ్యి పరుగెడుతుంది. కాన్ఫెట్టి అంటామే, గడికో రంగు మారే చోటు, అక్కడ నత్తనడకే. కాబట్టి ఎవరి వేగం వారు ఫోనులో గంట టైమర్ పెట్టుకుని ఒకసారి కొలుచుకోమన్నాం. కొలిచాక చాలామంది ముఖాలు మారాయి. అరలో ఉన్న చార్టులన్నీ, అంటే గళ్ల మీద గీసిన నమూనాలన్నీ, కుట్టాలంటే ఇంకో జన్మ కావాలని ఒకరు లెక్క తేల్చారు, అందరం నవ్వుకున్నాం.

ఒక అపోహ గురించి కూడా ఇక్కడే రాయాలి. చిన్న గళ్ల గుడ్డకు మారితే పని తగ్గుతుందని కొందరు 18 కౌంట్ తీసుకుంటున్నారు. తగ్గేది బొమ్మ సైజే. కుట్ల సంఖ్య మారదు, పైగా కంటికి శ్రమ ఎక్కువ. టైమ్ మిగలాలంటే మార్చాల్సింది డిజైన్‌ని, గుడ్డని కాదు.

ఆగిపోయినవాటి సభ

ఈ ఏడాది అన్నిటికంటే ఎక్కువ మంది వచ్చింది దీనికే. సగంలో వదిలేసినవి, అర అడుగున దాచినవి తెచ్చి బల్లమీద పరిచారు. కొనసాగించడమా, ఉన్నంతవరకు కత్తిరించి వేరే రూపంలోకి తేవడమా, ఇంకొకరికి ఇచ్చేయడమా అని ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాం. పెద్ద తోట బొమ్మలో కుట్టిన పూలగుత్తి ఒక్కటే పుస్తకంలో పెట్టుకునే గుర్తు అయింది. ఊరి దృశ్యం మొదలుపెట్టి ఒక్క ఇల్లు పూర్తిచేసిన సభ్యురాలు, ఆ ఇంటి చుట్టూ గుడ్డ మడిచి చిన్న ఫ్రేము కట్టించుకున్నారు. చూసినవాళ్లెవరూ మిగతా ఊరేదని అడగలేదట.

తెరచాప ఓడ ఒకటి మాత్రం చాలాసేపు బల్లమీదే ఉండిపోయింది. తెరచాప స్తంభం ఒక గడి పక్కకు జరిగింది. ఆ సంగతి బయటపడింది చాలా వరసలు అయ్యాక. విప్పాలంటే నెల పని. కుడుతున్న సభ్యురాలు దాన్ని చుట్టచుట్టి పెట్టేసి మళ్లీ తెరవలేదు. బల్ల చుట్టూ చేరినవాళ్లలో సగం మంది విప్పాల్సిందేనన్నారు. మా సీనియర్ సభ్యురాలొకరు కళ్లజోడు సర్దుకుని, చార్టు పక్కన పెట్టుకుని, ఓడ తాళ్లను చూపే బ్యాక్‌స్టిచ్ గీతలన్నీ ఒక గడి అటువైపే మొదలయ్యేలా పెన్సిలుతో చార్టు మీద గీసిచ్చారు. ఇప్పుడా ఓడ పూర్తయింది. తప్పు ఎక్కడుందో చెప్పమంటే కుట్టినావిడకే వెతుక్కోవాల్సి వస్తోంది.

ఆలస్యం గురించి దిగులుపడేవారికి ఆ సభలోనే ఒక పాత సంగతి చెప్పాం. తేదీ ఉన్న బ్రిటిష్ సాంప్లర్లలో, అంటే రకరకాల కుట్లు, అక్షరాలు కుట్టిన నమూనా గుడ్డల్లో, ఇప్పటిదాకా తెలిసినంతవరకు అన్నిటికన్నా పాతది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. కుట్టినావిడ జేన్ బోస్టాక్. అందులో 1598 అని సంవత్సరం ఉంది. ఆలిస్ లీ అనే పాప పుట్టిన సందర్భం అందులో అక్షరాలతో కుట్టి ఉంది. ఆ పాప పుట్టింది 1596 నవంబరులో! పుట్టినరోజు కానుక నెల ఆలస్యమైందని సంజాయిషీలు చెప్పుకునే మనవాళ్లకు ఈ కబురు బాగా నచ్చింది.

ఒంటి సంగతి

ఫిజియోథెరపిస్టు ఒకరు వచ్చి మనం కూర్చునే తీరు చూసి, మాట్లాడకముందే సగం మందిని కుర్చీలు మార్చుకోమన్నారు. మంచం మీద మెడ వంచి కుట్టడం, గుడ్డ బిగించే చట్రమైన హూప్‌ని ఎడమచేత్తో గట్టిగా నొక్కిపట్టడం, మణికట్టు వంచి సూదిని వేళ్ల మధ్య బిగించి పట్టుకోవడం, ఈ మూడూ కలిస్తే నొప్పి రాకపోతేనే ఆశ్చర్యం అన్నారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి, రాత్రిళ్లు నిద్రలో ఎక్కువై, చిటికెనవేలు మాత్రం బాగానే ఉంటే మణికట్టు దగ్గర మీడియన్ నరం నలుగుతోందేమో చూపించుకోవాలి. బొటనవేలి వైపు మణికట్టు పోటు పెడితే అది వేరే సమస్య, స్నాయువులది. రెండింటికీ "కాస్త కుట్టేసి ఆపుతా" అన్నది మందు కాదు. డాక్టర్ని కలవడమే దారి.

అప్పటినుంచి సమావేశాల్లో ఇరవై నిమిషాలకోసారి గంట కొడుతున్నాం. గంట వినగానే సూది గుడ్డలో గుచ్చి, ఇరవై అడుగుల దూరంలో ఉన్నదేదో ఇరవై సెకన్లు చూడాలి. కంటి డాక్టర్లు కంప్యూటర్ ముందు కూర్చునేవారికి చెప్పే ఉపాయమే ఇది. మొదట్లో విసుక్కున్నవాళ్లే ఇప్పుడు గంట మరిచిపోతే గుర్తుచేస్తున్నారు. హూప్‌ని చేత్తో పట్టుకోనక్కర్లేని స్టాండులు రెండు సంఘం తరఫున కొన్నాం. నొప్పులున్నవారు ఇంటికి తీసుకెళ్లి వాడుకోవచ్చు.

నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం మామూలే. చదవడానికని ఇచ్చే కళ్లజోడు సాధారణంగా పుస్తకం పట్టుకునే దూరానికి సరిపడేది. మనం గుడ్డను అంతకన్నా దగ్గరగా పట్టుకుంటాం. అందుకని పరీక్షకు వెళ్లేముందు కంటికీ గుడ్డకీ మధ్య దూరం టేపుతో కొలుచుకుని వెళ్లి, ఆ కొలత చెప్పి అడగండి. నల్లగుడ్డ మీద కుట్టేవారు ఒళ్లో తెల్లటి గుడ్డ పరుచుకుంటే రంధ్రాలు తేలికగా కనిపిస్తాయి. దీపం కుట్టే చేతికి ఎదుటివైపు నుంచి పడాలి, లేకపోతే మన చెయ్యి నీడే మనకు అడ్డం.

ఒక హెచ్చరిక కూడా ఉంది. సూది పోకుండా గుడ్డకు పెట్టుకునే అయస్కాంతపు నీడిల్ మైండర్లు ఇప్పుడు దాదాపు అందరి దగ్గరా ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ అమర్చి ఉంటే ఆ అయస్కాంతం ఛాతీకి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఒళ్లో పెట్టుకుని కుట్టేవారు, వాటిని చొక్కాకి తగిలించుకునేవారు ఇది తప్పక గమనించాలి.

చికిత్స వల్ల వేళ్ల చివర్లు మొద్దుబారిన ఒక సభ్యురాలు కుట్టు మానేద్దామనుకున్నారు, చివరికి 11 కౌంట్ గుడ్డకు, 22 నంబరు సూదికి మారారు. సూది నంబరు తగ్గేకొద్దీ లావు పెరుగుతుంది కాబట్టి పట్టు దొరుకుతుంది. తనకు బాగా పని చేసిందని ఆవిడ చెప్పాకే ఈ ముక్క ఇక్కడ రాస్తున్నాం.

ఆస్పత్రిలో ఎదురుచూపుల కోసం ఇంకొకరు తయారుచేసుకున్న సరంజామాని అందరూ అరువడిగి చూశారు. అంతా పాత కళ్లజోడు పెట్టెలో పట్టేసింది. రెండున్నర అంగుళాల గుడ్డ ముక్క, ముందే రెండేసి పోగులుగా విడదీసి మూరెడు పొడవున కత్తిరించి అట్టముక్క రంధ్రాలకు కట్టిన దారాలు, 26 నంబరు సూది, పిల్లలు వాడే మొద్దు కత్తెర. చార్టు ఫోనులోనే ఉంది. పేరు పిలవగానే మూత వేసి లేవచ్చు. ఆస్పత్రిలో తల్లిగారి దగ్గర కూర్చున్న నెలల్లో ఆవిడ చేతికి ఆడింది ఆ పెట్టె ఒక్కటే.

ఇంట్లో రిపేర్లు నడిచేటప్పుడు

గోడలు గీకించి రంగులు వేయించుకున్నవారు ఈ ఏడాది ఎక్కువే. పొద్దంతా తలుపులకు ఉప్పుకాగితం రుద్ది రాత్రి హూప్ పట్టుకుంటే ఏమవుతుందో వారికి తెలుసు. వేళ్లు గరుకెక్కి దారం పోగు పోగుకీ పట్టుకుంటుంది. క్రీమ్ రాసుకోవాల్సిందే కానీ కుట్టడానికి ముందు కాదు, పడుకునే ముందు. లేదంటే జిడ్డు గుడ్డకెక్కుతుంది. ఆ రోజుల్లో కుట్టు పక్కన పెట్టేసి దారాలు బాబిన్లకు చుట్టుకోవడం లాంటి చిల్లర పనులు చూసుకోవడమే మేలని మా అభిప్రాయం.

పక్కన పెట్టేటప్పుడు మాత్రం సరిగ్గా పెట్టాలి. హూప్ విప్పేయాలి, లేకపోతే గుండ్రటి మచ్చ దిగిపోతుంది. సూదిని గుడ్డలో నెలల తరబడి వదిలేస్తే తుప్పు మరక పడుతుంది, అది పోదు. గుడ్డని మడవకుండా చుట్టచుట్టి పాత నూలు దుప్పట్లో పెట్టండి. సిమెంటు దుమ్ముకి భయపడి ప్లాస్టిక్ కవర్లో బిగించి నెలలు ఉంచితే లోపల చెమ్మ చేరే ప్రమాదం ఉంది.

ఫ్రేము కట్టించే ముందు ఉతకడం మీద చేసిన ప్రదర్శనకు కొందరు రాలేకపోయారు కాబట్టి క్లుప్తంగా చెబుతాం. గోరువెచ్చని నీళ్లు, మెత్తని సబ్బు. ఎరుపు రంగు కారితే కంగారుపడి ఆరేయొద్దు. ఆరితేనే మరక స్థిరపడేది. నీళ్లలో రంగు కనబడనంతవరకు చల్లటి నీళ్లు మారుస్తూ జాడించాలి. పిండకుండా తువ్వాలులో చుట్టి నీళ్లు లాగేయాలి. మందపాటి తువ్వాలు మీద బోర్లా వేసి వెనకవైపు ఇస్త్రీ చేస్తే కుట్లు అణగవు. జిగురు పూసిన అట్టకు అంటించడం సులువే కానీ కొన్నేళ్లకు పచ్చబారే భయం ఉంది. ఆసిడ్ లేని అట్టకు వెనక దారంతో లాగి కట్టించడం మేలు. అద్దం కుట్లకు తగలకుండా సందు ఉండాలి. నేరుగా ఎండపడే గోడా, చెమ్మ ఊరే గోడా వద్దు.

ఇల్లు మార్పులు చేయించేవారికి ఒక విన్నపం. ఎలక్ట్రీషియన్ ఉండగానే మీరు కూర్చుని కుట్టే మూల దగ్గర ఒక ప్లగ్ పాయింట్ అడిగి పెట్టించుకోండి. అందరి అవసరాలూ చెప్పి తనది మాత్రం మరిచిపోయానని తర్వాత అనుకున్నవారు మనలో ఎక్కువ. పిల్లి ఉన్న ఇళ్లలో దారం తుంపులకు మూతున్న డబ్బా తప్పనిసరి. దారం మింగితే పిల్లి పేగులకు ప్రమాదం. నోటి నుంచో వెనక నుంచో పోగు వేలాడుతున్నా లాగకూడదు, వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

మిగతా విషయాలు

దారాల బ్యాంకు బాగా నడిచింది. డీఎంసీ లాంటి కంపెనీల దారపు చుట్ట, అంటే స్కెయిన్‌లో ఆరు పోగులు, ఎనిమిది మీటర్లు ఉంటాయి. చిన్న బొమ్మకు అందులో సగం కూడా పట్టదు. మిగిలినవి నంబరు చీటీతో డబ్బాలో వేస్తే కావలసినవారు తీసుకుంటున్నారు. చీటీ లేని దారాలు దయచేసి వేయొద్దు. రంగు చూసి నంబరు చెప్పగలమనుకోవడం భ్రమ. కొన్న చార్టులను జిరాక్స్ తీసి పంచుకోవడం సంఘంలో కుదరదని మరోసారి గుర్తుచేస్తున్నాం. అసలు చార్టును అరువివ్వడానికి రిజిస్టరు ఉంది.

లెక్కలు ఆడిటయ్యాయి, పూర్తి వివరం సర్వసభ్య సమావేశంలో చదువుతారు. సభ్యత్వ రుసుము పెంచడం లేదు. అనారోగ్యం వల్లో ఇంటి బాధ్యతల వల్లో రాలేనివారికి ఏడాదిపాటు రుసుము లేకుండా సభ్యత్వం కొనసాగించాలన్న తీర్మానాన్ని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. కారణం రాసివ్వాల్సిన పనిలేదు, ఒక్క మాట చెబితే చాలు.

వచ్చే ఏడాది ఉదయం సమావేశంతోపాటు సాయంత్రం సమావేశం కూడా పెట్టే ఆలోచన ఉంది. ఎవరికి ఏది వీలో సర్వసభ్య సమావేశం లోపు కోశాధికారికి చెప్పండి. స్టాండులు తీసుకెళ్లినవారు ఆరోజు వెంట తీసుకురండి, వాటి కోసం ఇంకొందరు ఎదురుచూస్తున్నారు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి