వీడియో కాల్‌లో చూపించని వైపు

అమ్మలూ,

నీ కుండీ చెట్టు, ఆ ఫైకస్ గురించి ఒక నిజం చెప్పాలి. ఫోన్లో మొదలుపెడితే నువ్వు మధ్యలో కంగారు పడతావు, మీ అమ్మ వెనకనుంచి ఇంకోటి అందిస్తుంది, నేను చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోతుంది. అందుకే కాయితం తీశాను.

మే, జూన్ నెలల్లో "నా చెట్టు చూపించు నాన్నా" అన్నప్పుడల్లా ఫోను పట్టుకెళ్లి చూపించేవాణ్ణి కదా. నేను చూపించింది కిటికీ వైపు కొమ్మలే. గోడ వైపు అప్పటికే బోసిపోయింది. రాలిన ఆకులు నువ్వు ఫోన్ చేసే టైముకి ముందే ఊడ్చేసేవాణ్ణి. తిట్టుకో, పర్లేదు.

అసలు ఏం జరిగిందంటే, సంక్రాంతి వెళ్లాక నువ్వు హైదరాబాద్ బయల్దేరేటప్పుడు దాన్ని హాల్లో టీవీ బల్ల మీద పెట్టావు. దక్షిణం కిటికీకి నాలుగడుగుల దూరం. అప్పుడు ఎండ ఆ బల్ల దాకా చక్కగా వచ్చేది, నువ్వు చూసే పెట్టావు. కానీ ఉత్తరాయణం మొదలయ్యాక సూర్యుడు రోజురోజుకీ పైకి జరిగిపోతాడు కదమ్మా. విశాఖలో మే రెండో వారానికి మిట్టమధ్యాహ్నం ఎండ సరిగ్గా నడినెత్తిన ఉంటుంది. అక్కణ్ణుంచి ఆగస్టు మొదటి దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరంగానే ఉంటాడు. బయట మాడు పగిలే ఎండ, దక్షిణం కిటికీలోంచి మాత్రం ఒక్క కిరణం లోపలికి రాదు. అరవై ఏళ్లు ఈ ఊళ్లో ఉండి ఈ సంగతి ఒక కుండీ వల్ల తెలిసింది నాకు.

మార్చిలో కొమ్మలు సాగడం చూసి, పెరుగుతోందని మురిసిపోయాను. ఆకుకీ ఆకుకీ మధ్య కాడ బారెడు సాగి, ఆకులు పెద్దవై, పలచబడి, రంగు వెలిసినట్టు అయ్యాయి. వెలుగు చాలని చెట్టు దాన్ని వెతుక్కుంటూ అలా చేతులు చాస్తుందట. ఏప్రిల్లో లోపలి ఆకులు పసుపెక్కాయి. వేసవి కదా, దాహం అనుకున్నాను. రోజుకో చెంబు పోశాను. ఇంకా రాలాయి. రెండు చెంబులు పోశాను.

ఇక్కడే నేను బోల్తా పడింది. వెలుగు లేకపోతే ఆకు వంట చేసుకోలేదు, వంట లేనప్పుడు నీళ్లూ పెద్దగా తాగదు. తాగని నీళ్లు మట్టిలో నిలిచిపోతే వేర్లకి గాలి ఆడదు, కుళ్లుతాయి. కుళ్లిన వేరు పైకి నీళ్లు పంపలేదు కాబట్టి ఆకు వాడుతుంది. వాడిన ఆకుని చూసి నాలాంటివాడు మళ్లీ చెంబు ఎత్తుతాడు. జూన్‌లో ఒకరోజు కుండీ మీద చిన్న నల్ల ఈగలు ముసురుతుంటే వంగి చూశాను. మురుగు వాసన. కింద పళ్లెంలో రెండు వేళ్ల మందం నీళ్లు.

మీ అమ్మ ముందే అంది, "ఆ మూల చీకటండీ" అని. ట్యూబ్‌లైట్ వెలుగులో పేపర్ చదువుకుంటున్నాం, చీకటేమిటి అని కొట్టిపారేశాను. మన కన్ను ఉన్న వెలుగుకి తగ్గట్టు సర్దుకుపోతుంది, అందుకే మనకి తేడా తెలీదు. పక్కింటి కుర్రాడు నా ఫోన్లో వెలుగు కొలిచే యాప్ వేసిపెట్టాడు. టీవీ బల్ల దగ్గర 110 లక్స్. కిటికీ గట్టు మీద 1,800. తూర్పు బాల్కనీ నీడలో 9,000. మేడ మీద ఎండలో లక్ష దాకా పోయింది. ఫోను లెక్క అంత కచ్చితం కాదులే, కానీ చెట్టుని పస్తులుంచానని అర్థమైంది.

అది బతికి ఉందో లేదో ముందు తేల్చుకోవాలి. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు చిన్నదానివి, గుర్తుందా? అక్టోబరు 12 తర్వాత మన గేటు ముందు వేప ఒక్క ఆకు లేకుండా మోడై నిలబడితే అందరూ కొట్టేయమన్నారు. నేను గోరుతో బెరడు గీకి నీకు లోపలి పచ్చదనం చూపించాను. ఇప్పుడూ అదే చేశాను. సన్న రెమ్మలు కొన్ని గోధుమరంగు, అవి పోయినట్టే. మొదలూ పెద్ద కొమ్మలూ పచ్చగా ఉన్నాయి, గీకిన చోట పాలు కూడా వచ్చాయి. ఆ రోజు అన్నం తృప్తిగా తిన్నాను.

ఆ సంబరంలో ఇంకో తప్పు చేశాను. మర్నాడే మేడ మీద ఎండలో పెట్టేశాను. సాయంత్రానికి నాలుగు ఆకులు తెల్లగా కాలిపోయాయి. నీడలో పుట్టిన ఆకు పలచన, ఎండకి ఓర్చుకోలేదు. తర్వాత పద్ధతిగా చేశాను. వారం పాటు బాల్కనీలో ఎండ తగలని చోట. రెండో వారం ఉదయం ఏడింటి ఎండ అరగంట. తర్వాత గంట, రెండు గంటలు. వారానికోసారి కుండీని పావు వంతు తిప్పుతున్నాను. వేలు మట్టిలో గుచ్చి, పైన అంగుళం ఆరితేనే నీళ్లు. పళ్లెం తీసేశాను. మన వైపు సముద్రపు గాలి ఎక్కువైన రోజుల్లో ఆకుల మీద ఉప్పు చేరుతుందని మంచినీళ్లతో కడుగుతున్నాను.

మీ అమ్మ ఎరువు వేద్దామంది. జ్వరం మనిషికి గారెలు పెడతామా అన్నాను. కుండీ మార్చలేదు, కత్తిరించలేదు. కొమ్మలు వంపు తిరగాలని నువ్వు చుట్టిన అల్యూమినియం తీగ మాత్రం ముక్కలుగా కత్తిరించి తీశాను. మళ్లీ లావెక్కితే బెరడులోకి దిగిపోతుందని భయం. వంపు కాస్త పోయింది, నువ్వే మళ్లీ చుట్టుకో.

దసరాకి వచ్చి దాన్ని నీ గదికి పట్టుకెళతానన్నావు. అమ్మినవాడు "ఇంట్లో పెట్టుకునే చెట్టు, ఎండ అక్కర్లేదు" అన్నాడని నువ్వు నమ్మావు, నేనూ నమ్మాను. ఇంట్లో పెట్టుకోడానికి ఏ చెట్టూ పుట్టలేదమ్మా, ఫైకస్ మర్రి జాతిది కాబట్టి కాస్త ఓర్చుకుంటుంది, అంతే. ముందు నీ కిటికీ దగ్గర ఫోను పెట్టి కొలిచి చెప్పు. రెండు వేల లక్స్ కూడా దాటకపోతే పగటి వెలుగులాంటి తెల్లటి ఎల్‌ఈడీ లైటు ఒకటి కొను, డబ్బా మీద 6500 కెల్విన్ అని ఆ రంగు గుర్తు రాసి ఉంటుంది. చెట్టుకి జానెడు ఎత్తులో కట్టాలి. సీలింగుకి బిగిస్తే పని చేయదు, చిన్న బల్బుకి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. రోజుకి పన్నెండు, పద్నాలుగు గంటలు, టైమర్ పెట్టేయి. రాత్రి ఆపేయాలి, దానికీ చీకటి కావాలి. ఇదంతా తలనొప్పి అనుకుంటే ఇక్కడే ఉంచు. మన ఊళ్లో దాన్ని బయటే ఉంచడానికి అడ్డొచ్చేంత చలి ఎప్పుడూ లేదు.

మొన్న సోమవారం గోడ వైపు బోడి కొమ్మ మీద ఆవగింజంత మొలకలు కనబడ్డాయి. లెక్కపెట్టాను, పదకొండు. మీ అమ్మ పన్నెండు అంటోంది. ఆదివారం కాల్ చెయ్యి, ఈసారి కుండీ చుట్టూ తిప్పి చూపిస్తాను.

మీ నాన్న