గోల్‌పోస్టు బిగించారా, కోచ్ ఎవరో కనుక్కున్నారా?

సంపాదకులకు నమస్కారం.

మా పిల్లలిద్దరూ ఫుట్‌బాల్ ఆడతారు. బాబుకి పదేళ్లు, పాపకి పదమూడు. వారానికి మూడు సాయంత్రాలు టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) దగ్గర దింపి, వాళ్లు ఆడే గంటన్నరా నేను గేటు బయట స్కూటీ మీద కూర్చుని ఫోన్ చూసుకునేదాన్ని. రెండేళ్లు అలాగే గడిచిపోయాయి. ఫీజు ఎంత, జెర్సీ ఎప్పుడిస్తారు, టోర్నమెంట్ జట్టులో పేరుందా లేదా అని తప్ప నేను ఇంకేమీ అడగలేదు. నా చుట్టూ కూర్చునే తల్లిదండ్రులూ అంతే.

మొన్నామధ్య ప్రాక్టీసు అయ్యాక తొమ్మిదేళ్ల పిల్లాడు ఒకడు చిన్న గోల్‌పోస్టు అడ్డకమ్మీ పట్టుకుని ఊగాడు. పోస్టు మొత్తం ముందుకి ఒరిగి దభీమని పడింది. వాడు పక్కకి దూకాడు కాబట్టి మోచేయి గీరుకుపోవడంతో పోయింది, అదే తల మీద పడి ఉంటే ఏమయ్యేదో ఊహించుకుంటే నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి. దగ్గరికెళ్లి చూస్తే ఆ ఇనుప పోస్టుకి వెనకాల ఒక్క మేకు లేదు, ఒక్క ఇసుక బస్తా లేదు. అడిగితే అకాడమీ వాళ్లు "పిల్లలు వేలాడకూడదు కదా మేడమ్" అన్నారు. పిల్లలన్నాక వేలాడతారండీ. వేలాడతారని తెలుసు కాబట్టే పోస్టుని నేలకి బిగించాలి. ఇది నా సొంత అభిప్రాయం కాదు, ఫుట్‌బాల్ ఆట నియమాల్లో మొదటి నియమంలోనే ఉంది, అటూ ఇటూ జరిపే పోస్టులైనా సరే నేలకి గట్టిగా బిగించి ఉండాల్సిందేనని. 2025 నవంబరులో హరియాణాలోని రోహ్‌తక్ జిల్లాలో బాస్కెట్‌బాల్ స్తంభం మీద పడి 16 ఏళ్ల జాతీయ స్థాయి ఆటగాడు చనిపోయాడు. ఆ వార్త చదివి అయ్యో అనుకుని పేజీ తిప్పేశాను గానీ, మా పిల్లల గ్రౌండులో పోస్టు గట్టిగా ఉందో లేదో చూడాలని నాకు తట్టలేదు.

ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు. పోస్టు సంగతే తెలియకపోతే, పిల్లల్ని అప్పగించిన మనిషి గురించి నాకేం తెలుసు అనిపించింది. కోచ్ సార్ అంటాం, నవ్వుతూ మాట్లాడతాడు, పిల్లలకి ఇష్టం. అంతకుమించి ఇంటిపేరు కూడా తెలియదు! టోర్నమెంట్ కోసం వేరే ఊరు వెళితే పిల్లలు ఎవరి గదిలో పడుకుంటారు, ఆడపిల్లల వెంట మహిళా కోచ్ ఎవరైనా వెళ్తారా, రాత్రి పదింటికి పాప ఫోన్‌కి విడిగా మెసేజ్ పెట్టొచ్చా, ఇవేవీ నేను ఎవరినీ అడగలేదు. మా కోచ్ మీద నాకు ఏ అనుమానమూ లేదు, ఆ మాట స్పష్టంగా చెబుతున్నాను. కానీ మంచివాళ్లలా కనిపిస్తున్నారు కదా అని ఊరుకుంటే ఏం జరిగిందో ఇంగ్లండ్ చూసింది. 2016 నవంబరులో ఆండీ వుడ్‌వర్డ్ అనే మాజీ ఆటగాడు చిన్నప్పుడు తన కోచ్ బ్యారీ బెన్నెల్ చేతిలో అనుభవించిన లైంగిక హింస గురించి పేరు దాచుకోకుండా బయటికి చెప్పాడు. ఆ తర్వాత వందల మంది నోరు విప్పారు. 1970 నుంచి 2005 దాకా జరిగినవాటి మీద వేసిన విచారణ నివేదిక 2021లో వచ్చింది, అందులో కనీసం 692 మంది బాధితులు, 240 మంది అనుమానితులు అని తేల్చారు. బెన్నెల్ ఇంట్లో పిల్లలు రాత్రిళ్లు ఉండేవాళ్లు. మావాడు పెద్ద ఆటగాడు అవుతాడన్న ఆశతో, కోచ్ మీద నమ్మకంతో తల్లిదండ్రులే పంపించేవాళ్లు. నన్ను బాగా కలచివేసింది ఈ మాటే, ఎందుకంటే ఆ ఆశ నాకూ ఉంది. ఇప్పుడు అక్కడ పిల్లల జట్లు నడిపే ప్రతి క్లబ్బులోనూ పిల్లల క్షేమం చూసే మనిషి ఒకరు తప్పకుండా ఉండాలి.

మన దగ్గర చట్టం లేదా అంటే ఉంది. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. దాని కింద 2020లో తెచ్చిన నిబంధనల్లో స్పోర్ట్స్ అకాడమీలు అని పేరు పెట్టి మరీ రాశారు. పిల్లలతో మెలిగే ప్రతి ఉద్యోగికీ, పర్మినెంట్ అయినా కాంట్రాక్టు అయినా, ఎప్పటికప్పుడు పోలీసు వెరిఫికేషన్ చేయించాలి, పిల్లల భద్రత మీద శిక్షణ కూడా ఇప్పించాలి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ పోలీసులకి చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, సంస్థ బాధ్యులు తమ కింద పనిచేసేవాళ్ల నేరాన్ని దాస్తే ఏడాది దాకా. ఈ నిబంధన గురించి మా వాట్సాప్ గ్రూపులో పెడితే నలభై మందిలో ఒక్కరికి కూడా తెలియదు. హైదరాబాద్‌లో సందుకో టర్ఫ్ వచ్చింది. 1962 ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ కోచ్‌గా దేశానికి బంగారం తెచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ ఊళ్లో ఇంతమంది పిల్లలు మళ్లీ బంతి తన్నుతుంటే నాకు చాలా సంతోషంగా ఉంటుంది. కానీ వెరిఫికేషన్ కాగితాలు చూపించమని ఆ టర్ఫ్‌లకి వెళ్లి అడుగుతున్నది ఎవరు? నాకు తెలిసిన నాలుగైదు అకాడమీల్లో ఎవరూ అడగలేదు. క్రీడా శాఖ, పోలీసులు కలిసి ఒక్కసారి తనిఖీ చేయించాలని, కాగితాలు లేనివాళ్లకి గడువు పెట్టాలని, వేసవి శిబిరాలు మొదలయ్యేలోపే ఆ పని జరగాలని కోరుతున్నాను.

వేసవి అంటే ఇంకో మాట. మేలో నాలుగింటికి ప్రాక్టీసు పెట్టకండి. కృత్రిమ గడ్డి మామూలు నేల కంటే చాలా ఎక్కువ కాలుతుంది, బూట్లలోంచి కూడా తెలుస్తుంది. అలాగే తలకి దెబ్బ తగిలిన పిల్లాడిని ఏం కాదులే అని పది నిమిషాలకే మళ్లీ దింపకండి. ఆ రోజుకి ఆట ఆపేసి డాక్టర్‌కి చూపించండి.

మన వైపు నుంచి చేయాల్సింది కూడా ఉంది. వారానికి ఒక్కరోజైనా ఫోన్ పక్కన పెట్టి గ్రౌండ్ లోపలికి వెళ్లి చూడండి. మొన్న నేనూ ఇంకో ఇద్దరం కలిసి అడిగాక మా పిల్లల పోస్టులకి ఇసుక బస్తాలు వచ్చాయి. కోచ్‌ల మెసేజ్‌లన్నీ తల్లిదండ్రులున్న గ్రూపులోనే పెడతామని ఒప్పుకున్నారు. పోలీసు వెరిఫికేషన్ కాగితం మాత్రం ఇంకా చూపించలేదు, "తెప్పిస్తాం మేడమ్" అంటున్నారు. వచ్చే నెల ఫీజు అది చూశాకే కడతానని చెప్పాను. మిగతా ఇద్దరూ అదే మాట మీద ఉన్నారు.

- ఇద్దరు పిల్లల తల్లి, నాగోలు, హైదరాబాద్