పులిహోర దవడ సంగతి, మా దగ్గరున్న మీ గెకోల సంగతి

ఇండియా వెళ్తూ గెకోలను, అంటే పెంపుడు బల్లులను, మా దగ్గర వదిలినవాళ్లకీ, వాటికి మేతగా వారం వారం మా దగ్గర క్రికెట్ పురుగులు కొనేవాళ్లకీ ఈ విషయం మా నుంచే తెలియాలి. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉండే ఒక కుటుంబం వేసవికి మా బోర్డింగ్‌లో పెట్టిన లెపర్డ్ గెకోకి కింది దవడ ఎడమవైపు చిట్లింది. అనుమానం వచ్చిన రోజే వాళ్లకి ఫోన్ చేశాం. వాళ్లు సరేనన్నాకే ఇది రాస్తున్నాను. వాట్సాప్ గ్రూపుల్లో "అక్కడ పెట్టిన బల్లికి మూతి విరిగిందట" అని ఇప్పటికే తిరుగుతోంది కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్తాను.

దాని పేరు పులిహోర. పసుపు ఒంటి మీద ఆవగింజల్లా నల్లచుక్కలు చూసి వాళ్ల పాప పెట్టిన పేరు. మాకు ముందు తేడా కనిపించింది తిండి దగ్గర. పురుగు వేయగానే ఎప్పట్లాగే తోక ఆడించి దూకేది, నోట కరుచుకునేది, ఒక్కసారి నమిలి వదిలేసేది. కాసేపటికి పురుగు ముందుకొచ్చినా మొహం తిప్పేసుకుంది. టార్చి వేసి పక్కనుంచి చూశాం. మూసిన నోటికి ఎడమ పక్క పెదవులు కలవడం లేదు. వెంట్రుక మందం సందు, అందులోంచి లేత గులాబీ రంగు చిగురు. చేర్చుకున్న రోజు తీసిన ఫొటోలో ఆ సందు లేదు. అప్పుడు 62 గ్రాములున్నది 57కి దిగింది.

గెకో నోరు వంకరగా కనిపిస్తే అందరం దెబ్బే అనుకుంటాం. అద్దానికో నీళ్ల గిన్నెకో మూతి కొట్టుకున్నా, పైనుంచి పడినా, ఒకే ట్యాంకులో రెండు ఉండి కరుచుకున్నా దవడ చిట్లే మాట నిజమే. కానీ నోటి లోపల ఇన్ఫెక్షన్ చేరినా బయటికి ఇలాగే కనిపిస్తుంది. బల్లి జాతికి చీము మనకిలా నీరుగా కారదు, జున్నుముక్కలా గట్టిగా పేరుకుంటుంది. దాంతో చాలామంది ఆ వాపును ఎముక అనుకుంటారు. ఇక మూడోది క్యాల్షియం చాలక ఎముకే మెత్తబడటం. ఈ మూడింటినీ కంటితో చూసి విడదీయలేం. అందుకే ఫొటో పెట్టి పదిమందిని అడగకుండా నేరుగా సరీసృపాలు చూసే వెట్ (పశువైద్యులు) దగ్గరికి తీసుకెళ్లాం.

ఎక్స్‌రేలో రెండు విషయాలు తేలాయి. దవడలో సన్నటి చీలిక ఉంది. దాంతోపాటు కాళ్ల ఎముకలు కూడా ఉండాల్సినంత తెల్లగా, మందంగా లేవు. ఆరోగ్యంగా ఉన్న గెకో వేటాడేటప్పుడు గిన్నెకి మూతి తగిలించుకుంటూనే ఉంటుంది, మామూలుగా దానికేమీ కాదు. ఎముక పలచబడితే ఆ మాత్రం తాకిడికే చిట్లుతుంది. చిట్లింది మా దగ్గరే. ఎముక పలచబడటం మాత్రం కొన్ని వారాల్లో వచ్చే మార్పు కాదు, నెలల తరబడి జరిగేది. రెండూ మీకు చెప్పడం నా బాధ్యత. ఎక్స్‌రే, మందుల ఖర్చు మేమే పెట్టుకున్నాం.

ఆ కుటుంబాన్ని దయచేసి ఎవరూ తప్పుపట్టొద్దు. రోజు తప్పకుండా మంచి క్రికెట్లు వేసిన ఇల్లది. క్రికెట్లలో భాస్వరం ఎక్కువ, క్యాల్షియం బాగా తక్కువ. క్యాల్షియం పొడి అద్దకుండా వేస్తే కడుపు నిండుతుంది, ఒళ్లు కూడా వస్తుంది. కానీ రక్తంలో క్యాల్షియం తగ్గకుండా చూసుకోవడానికి శరీరం సొంత ఎముకల్లోంచే తీసుకుంటుంది. తిన్న క్యాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి3 కావాలి. అది పొడిలోనైనా రావాలి, ఎండలో ఉండేలాంటి అతినీలలోహిత కిరణాలిచ్చే యూవీబీ లైటుతోనైనా రావాలి. ఇంట్లో పొడి ఉన్నవాళ్లు కూడా డబ్బా ఎప్పుడు తెరిచారో ఒకసారి చూసుకోండి. మూత తీశాక ఆర్నెల్లు దాటితే కొత్తది కొనడం మంచిది.

పులిహోరకి ఇప్పుడు బరువు లెక్కన నొప్పి మందు, చుక్కల క్యాల్షియం ఇస్తున్నాం. వెట్ చెప్పిన జావలాంటి ఆహారాన్ని పెదవి అంచున ఒక చుక్క పెడితే తనే నాకుతోంది. సిరంజి నోట్లోకి తొయ్యడం లేదు. ట్యాంకులో రాళ్లు, చెక్కలు తీసేసి పేపర్ టవల్ పరిచాం. వెచ్చటి వైపు 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంచుతున్నాం. వేడి చాలకపోతే దానికి తిన్నది అరగదు, గాయమూ మానదు. కొన్ని వారాలు ఆగి మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. ఊడిన పళ్లు గెకోకి జీవితాంతం కొత్తవి వస్తూనే ఉంటాయి. దవడ ఎముక అలా కాదు, మెల్లగా అతుక్కుంటుంది, అతుక్కున్నాక కొంచెం వంకర ఉండిపోవచ్చు కూడా. అలా ఉండిపోయినా తినగలిగితే చాలని వెట్ అన్నారు.

ఇది తెలిశాక చాలామంది ప్రేమతోనే సలహాలు చెప్పారు. అమ్మమ్మగారు పసుపు పెట్టమన్నారని ఒకరు, మనం వేసుకునే నొప్పి మాత్ర చిన్న ముక్క నూరి పెట్టమని ఇంకొకరు. దయచేసి వద్దు. అరవై గ్రాముల ప్రాణానికి మన మాత్రలో చిన్న ముక్క కూడా చాలా ఎక్కువ మోతాదు. వేళ్లతో నోరు తెరిచి చూడటం అంతకన్నా ప్రమాదం, సన్నటి చీలిక కాస్తా పూర్తిగా విరిగిపోవచ్చు. మీ గెకో పురుగుని పట్టి వదిలేస్తున్నా, నోరు మూతపడకపోయినా, కాలివేళ్లు వణుకుతున్నా, పొట్ట నేలకి ఈడుస్తూ నడుస్తున్నా గాలి ఆడే చిన్న డబ్బాలో పెట్టి తీసుకెళ్లండి. కుక్కల్ని, పిల్లుల్ని చూసే క్లినిక్‌లు చాలావరకు వీటిని చూడవు, ముందే ఫోన్ చేసి అడగండి. ఏఆర్‌ఏవీ అనే సరీసృపాల పశువైద్యుల సంఘం వెబ్‌సైట్‌లో దగ్గర్లోని డాక్టర్ని వెతుక్కోవచ్చు. ఈ టెక్సస్ ఎండలో దారిలో ఎక్కడ ఆగినా డబ్బాని కారులో వదలొద్దు.

ఇకమీదట చేర్చుకునేటప్పుడు బరువుతోపాటు నోటిని ఎదురునుంచి, రెండు పక్కలనుంచి మీ ముందే ఫొటో తీస్తాం. ఏమాత్రం అనుమానం ఉన్నా వెట్ చూశాకే తీసుకుంటాం. ఊరికి బయల్దేరే ముందురోజు తెస్తే దానికి వ్యవధి ఉండదు, కనీసం వారం ముందు ఒకసారి చూపించండి. పొడి అద్దని పురుగు మా బోర్డింగ్‌లో ఏ గెకోకీ వేయం, ఆ పొడికి విడిగా డబ్బు తీసుకోం. సెప్టెంబరు నుంచి బోర్డింగ్ మాత్రం రోజుకి రెండు డాలర్లు పెరుగుతుంది. నెలకోసారి వెట్‌ని పిలిపించి అన్నిటినీ చూపించాలని నిర్ణయించాం, ఆ ఖర్చు పాత ధరలో సర్దలేకపోతున్నాం.

ఇప్పుడు మా దగ్గరున్న గెకోలన్నిటినీ మళ్లీ తూచి, నోళ్లు చూసి, ఫొటోలు ఎవరివి వాళ్లకి పంపాం. అందనివాళ్లు మెసేజ్ పెట్టండి. ఇది చదివాక ఇక్కడి చుట్టాల ఇంటికో స్నేహితుల ఇంటికో మార్చుకోవాలనిపిస్తే మొహమాటపడకండి. వాళ్లని పంపండి, మిగిలిన రోజుల డబ్బు అప్పటికప్పుడు వెనక్కిచ్చేస్తాం, దాంతోపాటు రెండు వారాలకి సరిపడా పొడి కట్టి ఇస్తాం.