పడవ మొన బండి దాటకూడదు

సంపాదకులకు,

సముద్రంలో అలల ఉధృతి ఎక్కువగా ఉన్న రోజుల్లో మా పిల్లలకు కయాకింగ్ (కయాక్ అనే సన్నని చిన్న పడవను తెడ్డుతో నడపడం) నేర్పడానికి విశాఖ నుంచి తాటిపూడి జలాశయానికి వెళ్తుంటాను. కయాక్ 12 అడుగులు, మా పాత పికప్ తొట్టి 8 అడుగులు. మిగతా 4 అడుగులూ వెనక్కి వేలాడేవి. ఎర్ర గుడ్డ కడితే చాలనుకునేవాణ్ణి. చాలదు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం సరుకు బండి దాటి పొడుచుకొస్తే జరిమానా 20,000 రూపాయలు. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ మొన వెనకాల బైకు మీద వచ్చేవాడి ముఖానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. అదే నాకు టెన్షన్.

పోయినేడు ఆనందపురం దాటాక నైలాన్ తాడు సాగి ఒక కయాక్ పక్కకు జారింది. పిల్లలు హడలిపోయారు. ఆ వారమే సరుగుడు కర్రలతో తొట్టి వెనక ఒక చట్రం, క్యాబిన్ మీద ఒక అడ్డకర్ర కట్టించాను. కర్రలకు పాత సైకిల్ ట్యూబులు చుట్టాను. ఇప్పుడు కయాక్‌లు బోర్లా, క్యాబిన్ మీదుగా ఉంటాయి, వెనక అంగుళం కూడా బయటికి రాదు. తాడు బదులు లారీల్లో సరుకు బిగించే బెల్టులు వాడుతున్నాను. బెల్టును ఒక మెలిక తిప్పి కడితే గాలికి కొట్టుకోదు. ఎండలో మరీ బిగిస్తే కయాక్ ప్లాస్టిక్ సొట్టపడుతుంది, జాగ్రత్త.

జలాశయాల దగ్గర తాళం వేసుకునే చిన్న షెడ్డు కట్టిస్తే వారం వారం ఈ మోత తప్పుతుంది. అధికారులు దయచేసి ఆలోచించాలి.

- ఒక కయాకింగ్ శిక్షకుడు, విశాఖపట్నం