ఎపాక్సీ డబ్బాతో పాటు వాడే పద్ధతీ తెలుగులో ఇవ్వాలి

సంపాదకులు గారికి నమస్కారం.

విశాఖ నగరంలో కొన్నేళ్లుగా ఇళ్ల చెక్కపనిలో ఎపాక్సీ రెసిన్ (హార్డెనర్ అనే మరో ద్రవంతో కలిపితే గట్టిపడే జిగట ద్రవం) వాడకం బాగా పెరిగింది. భోజనాల బల్లలు, హోటళ్ల కౌంటర్లు, పగుళ్లను రంగు రెసిన్‌తో పూడ్చిన టీపాయిలు, చివరికి వీధి గుమ్మాలు కూడా ఈ పూతతో నిగనిగలాడుతున్నాయి. అయితే ఏడాది తిరగకముందే పూత పొరలుగా లేచిపోవడం, పసుపు తిరగడం, కొన్నిచోట్ల ఎన్నాళ్లయినా ఆరక జిగటగానే ఉండిపోవడం కూడా చూస్తున్నాను. యజమాని వడ్రంగిని తప్పు పడుతున్నాడు, వడ్రంగి సరుకు నకిలీదంటున్నాడు. ఓడల మరమ్మతులలో చెక్కపని చూసి రిటైరైన వాడిగా నాకు తోచినది ఏమిటంటే, చాలా సందర్భాలలో తప్పు వాళ్లిద్దరిదీ కాదు. వాడే పద్ధతి ఏమిటో తెలుగులో ఒక్క ముక్క చెప్పకుండా డబ్బా చేతిలో పెట్టి పంపడం అసలు తప్పు.

ఎపాక్సీ మనకు కొత్త కాదు. 1946లో స్విట్జర్లాండ్ సంస్థ సీబా అరాల్డైట్ పేరుతో బజారులోకి తెచ్చిన జిగురు ఈ జాతిదే. రెండు ట్యూబులనూ సమానంగా పిండి కలపడం అందరికీ అలవాటే. కానీ పూతకు వాడే ద్రవ ఎపాక్సీలన్నింటికీ ఆ లెక్క పనికిరాదు. కొన్నింటిలో రెసిన్ రెండు పాళ్లకు హార్డెనర్ ఒక పాలు, కొన్నింటిలో మూడుకు ఒకటి. పైగా ఆ కొలత గిన్నె కొలతా, తూకమా అన్నది కూడా డబ్బాను బట్టి మారుతుంది. మన నగరంలో దీనికి తోడైన చిక్కు మరొకటి ఉంది. చేపల రేవులోను, జాలరిపేట ఒడ్డున ఫైబర్ పడవలకు మరమ్మతులు చేసేవారిలో కొందరు ఇప్పుడు ఇళ్లలో రెసిన్ పనికీ వస్తున్నారు. వారి చేతికి అలవాటైనది పాలియెస్టర్ రెసిన్. అందులో హార్డెనర్ నూటికి ఒకటి రెండు పాళ్లు చాలు, త్వరగా గట్టిపడాలంటే కాస్త ఎక్కువ వేస్తారు. పాలకు తోడు వేసినట్లు అన్నమాట. ఎపాక్సీలో హార్డెనర్ తోడు కాదు, అది ఆ పదార్థంలోనే ఒక భాగం. రెసిన్ అణువులతో లెక్క ప్రకారం జత కట్టి తానూ ఆ గట్టి పొరలో కలిసిపోతుంది. లెక్క మించి పోస్తే పని త్వరగా కాదు, మిగిలిపోయిన హార్డెనర్ పూతను మెత్తగా చేస్తుంది. కలిపేటప్పుడు గిన్నె అడుగు, అంచులు గీరుతూ మూడు నిమిషాలైనా తిప్పి, మరో శుభ్రమైన గిన్నెలోకి వంచి మళ్లీ కలిపితే జిగట మచ్చలు చాలావరకు రావు.

అన్నింటికంటే ముఖ్యమైనది చెక్కలోని తేమ. కర్ర కోసిన తర్వాత కూడా చుట్టూ ఉన్న గాలిని బట్టి నీటిని పీల్చుకుంటూ, వదులుతూ ఉంటుంది. గాలిలో తేమ 65 శాతం ఉన్నచోట బాగా ఆరిన చెక్కలో సుమారు 12 శాతం నీరు నిలుస్తుంది. 80 శాతం ఉంటే అది 16 శాతానికి దగ్గరవుతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 287 దేశాన్ని గాలి తేమను బట్టి నాలుగు మండలాలుగా విభజించి, ఏ మండలంలో కలప ఎంత ఆరి ఉండాలో చెప్పడానికి కారణం ఇదే. సముద్రాన్ని ఆనుకుని ఉన్న మన ఊరిలో, వానాకాలంలో సామిల్లు నుంచి తెచ్చిన పలకకు ఆ వారమే పూత వేస్తే లోపలి నీరు బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఎండ తగిలినప్పుడల్లా అది ఆవిరై పూతను కింది నుంచి నెడుతుంది. ఒక్క పైముఖానికే పూత వేసి అడుగుభాగాన్ని వదిలేస్తే కథ ఇంకో రకంగా నడుస్తుంది: అడుగు తేమ తాగి ఉబ్బుతుంది, పైభాగం ఉబ్బదు, పలక వంగుతుంది. అందువల్ల చెక్క 12 శాతం లోపుకు ఆరిన తర్వాతే, ఆరు ముఖాలకూ, ముఖ్యంగా నీటిని ఎక్కువగా పీల్చే అడ్డుకోత చివరలకు పూత పెట్టాలి. తేమ కొలిచే చిన్న మీటరు ప్రతి పనివాడి దగ్గరా ఉండటం మంచిది. అది లేనివారు అదే పలక నుంచి కోసిన ముక్కను నీడలో, గాలి తగిలేచోట ఉంచి రోజూ తూకం వేసి చూడవచ్చు; బరువు తగ్గడం ఆగేవరకు పూత జోలికి పోకపోవడమే మేలు. టేకు చేవలో సహజంగా ఉండే నూనె పూతను పట్టనివ్వదు గనుక, పూతకు కాస్త ముందు అసిటోన్ తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడవాలి. పాత మైనం పాలిష్ ఉంటే పూర్తిగా గీకేయాలి.

పూత వేసే వేళ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని పట్టించుకునేవారు చాలా తక్కువ. ఉదయం చల్లగా ఉన్నప్పుడు మొదలుపెడితే, పది గంటలకు వరండాలోకి ఎండ పాకేసరికి చెక్క వేడెక్కి, రంధ్రాలలోని గాలి వ్యాకోచించి బయటికి వస్తుంది. దగ్గరగా వంగి చూస్తే ఒక్కొక్క రంధ్రం దగ్గర ఆవగింజంత బుడగ లేచి, పగిలి, అదేచోట మరొకటి లేవడం కనిపిస్తుంది. రెసిన్ చిక్కబడే సమయానికి అవి గుంటలుగా మిగిలిపోతాయి. సాయంత్రం చెక్క చల్లబడుతున్నప్పుడు పలుచని మొదటి పొర వేస్తే లోపలి గాలి కుంచించుకుని రెసిన్‌ను రంధ్రాలలోకి లాక్కుంటుంది. ఆ పొర గట్టిపడిన తర్వాతే మందపు పొర పోయాలి. హీట్ గన్‌తో బుడగలు తీయడం పైపై పని మాత్రమే, అడుగు నుంచి వచ్చే గాలిని అది ఆపలేదు.

మన తేమ గాలిలో సాయంత్రపు పూతకు ఒక ఇబ్బంది ఉంది. తెల్లారి బొటనవేలితో రుద్దితే పైన సన్నని జిడ్డు తగులుతుంది. కొన్ని హార్డెనర్లలోని అమైన్లు అనే రసాయనాలు గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఏర్పడే పొర అది. దానిమీదే రెండో పూత వేస్తే పట్టదు. థిన్నర్ అవసరం లేదు, మామూలు నీళ్లతో, గరుకు పీచుతో కడిగి, ఆరాక 220 నంబరు శాండ్ పేపరుతో రుద్దితే సరిపోతుంది. కడగకముందే రుద్దితే ఆ జిడ్డు పూతంతా పులుముకుంటుంది. కలిపిన రెసిన్‌ను లోతైన మగ్గులో వదిలేస్తే తన వేడికి తానే మరిగి పొగలు కక్కుతుంది గనుక, మన వేసవిలో వెంటనే వెడల్పాటి పళ్లెంలో పరచుకోవడం తప్పనిసరి.

ఎండ సంగతి. ఎపాక్సీ నీటిని ఆపుతుంది, సూర్యుని అతినీలలోహిత కిరణాలను తట్టుకోలేదు. బీచ్ రోడ్డు వైపు బాల్కనీలో ఉంచే బల్లకు దానిపై కిరణాలను ఆపే పాలీయురేథేన్ వార్నిష్ వేసి, అది మసకబారినప్పుడల్లా మళ్లీ వేస్తూ ఉండాలి. గది వేడిలో గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి. పొయ్యి మీద నుంచి దించిన గిన్నెను నేరుగా పెడితే మచ్చ పడటం సరుకు లోపం కాదు.

కొన్ని చెక్కలకు ఈ పూత అసలు వేయకూడదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇదే ఊరి పనివారు జిట్టేగి (రోజ్‌వుడ్) కర్రలో దంతం పొదిగి, ఆ దంతంపై చెక్కిన గీతలలో లక్క నింపి చేసిన పెట్టెలు, కుర్చీలు నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. అటువంటి పాతకాలపు సామాను ఎవరి ఇంట్లోనైనా మిగిలి ఉంటే, దయచేసి దానిపై ఎపాక్సీ పోయించవద్దని వేడుకుంటున్నాను. లక్కను కరిగించి తీయవచ్చు, ఎపాక్సీని అడుగు చెక్కకు హాని లేకుండా తీయడం దాదాపు అసాధ్యం.

నన్ను ఎక్కువగా బాధిస్తున్నది పనివారి చేతులు. చేతి తొడుగులు లేకుండా రెసిన్ పులిమి, సాయంత్రం థిన్నర్‌తో చేతులు కడుక్కునే కుర్రవాళ్లను గాజువాకలోను, కంచరపాలెంలోను చూశాను. థిన్నర్ చర్మంలోని సహజమైన నూనెను తీసేసి రెసిన్ లోపలికి ఇంకేందుకు దారి ఇస్తుంది. వేళ్ల మధ్య దురద, ముంజేతులపై ఎర్రని పొక్కులు మొదలైన తర్వాత శరీరం ఆ పదార్థాన్ని మరిచిపోదు. ఆపైన కొద్దిగా తగిలినా మళ్లీ వస్తుంది, కొందరు వృత్తే మానుకోవలసి వస్తుంది. నైట్రైల్ రబ్బరు తొడుగులు, పూర్తిగా గట్టిపడని పూతను రుద్దేటప్పుడు మాస్కు, పొరపాటున అంటితే సబ్బునీళ్లు: వీటి ఖర్చును కూలిలో కోయకుండా యజమానులే భరించాలి.

చేతివృత్తుల వారి కోసం 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో వడ్రంగులు, పడవలు చేసేవారు ఉన్నారు, వారికి ప్రాథమిక శిక్షణ కూడా ఉంది. మన జిల్లాలో జరిగే శిక్షణలోను, ఐటీఐల కార్పెంటర్ కోర్సులోను ఒక పూట ఎపాక్సీ పనికి కేటాయించాలని అధికారులను కోరుతున్నాను. దుకాణదారులు హార్డెనర్‌ను పేరులేని సీసాలలోకి వంచి అమ్మడం మానాలి. ఏ రెసిన్‌కు ఏది, ఎంత పాలు, కొలతా తూకమా, ఎంతసేపట్లో వాడాలి, చేతులకు ఏం వేసుకోవాలి అన్నవి తెలుగులో ముద్రించిన కాగితం డబ్బాతో పాటే ఇవ్వాలి. అలాంటి కాగితం రాసిపెట్టమని ఏ దుకాణదారు అడిగినా ఉచితంగా రాసి ఇస్తాను.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ చెక్కపని పర్యవేక్షకుడు,
పెదవాల్తేరు, విశాఖపట్నం.